ముగ్గులో సరితూకం కంటికి ఎలా తెలుస్తుంది?

జంషెడ్‌పూర్‌లో టాటానగర్ రైల్వే స్టేషన్‌కు దగ్గరలో ఉన్న ప్రాంతం బాగ్‌బేరా. ఉక్కు కర్మాగారంలో, రైల్వేలో పనికి వచ్చిన తెలుగువారు ఈ నగరంలో తరాలుగా ఉంటున్నారు. సంక్రాంతి నెలలో అలాంటి ఒక ఇంటి వాకిట్లో చుక్కల ముగ్గు వేశారనుకుందాం. దారిన పోయేవారెవరూ చుక్కలు లెక్కపెట్టరు. అయినా కుడి, ఎడమలు సరిపోయాయో లేదో చూడగానే చెప్పేస్తారు. ఇదెలా సాధ్యం?

ఒక సగం రెండో సగానికి అద్దంలో ప్రతిబింబంలా ఉంటే దాన్ని దర్పణ సౌష్ఠవం అంటారు. చుక్కల చిత్రాన్ని సెకనులో పదో వంతు సేపే చూపినా మనిషి దీన్ని పసిగట్టగలడు. అంత తక్కువ సమయంలో చూపును అటూ ఇటూ తిప్పి పోల్చుకోవడం కుదరదు. అంటే మెదడు చిత్రం మొత్తాన్నీ ఒకేసారి పరిశీలిస్తోందన్నమాట.

అన్ని సౌష్ఠవాలూ ఇంత తేలిగ్గా తెలియవు. మధ్యగీత నిలువుగా ఉంటే త్వరగా గుర్తిస్తాం. అడ్డంగా ఉంటే కొంత కష్టం. ఈ తేడాను 19వ శతాబ్దంలోనే భౌతిక శాస్త్రవేత్త ఎర్నెస్ట్ మాక్ గమనించాడు. గాలిమరలా తిప్పితే మళ్లీ అలాగే కనిపించే భ్రమణ సౌష్ఠవాన్ని గుర్తించడం ఇంకా కష్టం.

ఈ పని కంటిలో జరగదు. 2005లో ప్రచురితమైన ఎఫ్‌ఎంఆర్‌ఐ పరిశోధనలో, కంటి సంకేతాలు మొదట చేరే దృశ్య వల్కల భాగం సౌష్ఠవానికి ప్రత్యేకంగా స్పందించలేదు. ఆ తర్వాతి దశల్లోని భాగాలు బలంగా స్పందించాయి. విడివిడి చుక్కలను ఒక ఆకారంగా కూర్చేది ఆ దశల్లోనే.

మరి చేత్తో వేసిన ముగ్గులో చుక్కలు కొద్దిగా పక్కకు జరిగినా అందం చెడదెందుకు? 1979లో హొరేస్ బార్లో, బి.సి. రీవ్స్ చేసిన ప్రయోగాల్లో దీనికి జవాబు ఉంది. చుక్కలు కచ్చితమైన స్థానం నుంచి కాస్త తప్పినా చూసేవారు సౌష్ఠవాన్ని గుర్తించారు. ఈ నిర్ణయంలో మధ్యగీత పక్కనున్న చుక్కల పాత్ర ఎక్కువ. బయటి అంచుల్లోని చుక్కలకూ ప్రాధాన్యం ఉంది. ఆ రెండింటికీ నడుమ ఉన్నవాటి ప్రభావం తక్కువ.

దీన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. కాగితంపై మధ్యగీతకు ఇరువైపులా సమానంగా చుక్కలు పెట్టండి. ఒక నకలులో గీత పక్కనున్న చుక్కను, మరో నకలులో గీతకూ అంచుకూ నడుమ ఉన్న చుక్కను అంతే దూరం జరపండి. ఇంట్లోవారికి ఒక్కోటీ క్షణం పాటు చూపి అడగండి. ఏ తప్పు ముందు దొరికిందో మీకే తెలుస్తుంది.