శిలా లైకెన్లు

శిలా లైకెన్లు అనగా రాతి ఉపరితలంపై పెరిగే సంయుక్త జీవులు. వీటిలో శిలీంధ్రము, శైవలము (లేదా సయనోబాక్టీరియా) ఒకే దేహంగా సహజీవనం చేస్తాయి. శైవలం కిరణజన్య సంయోగక్రియ ద్వారా ఆహారం తయారు చేయగా, శిలీంధ్రం దానికి ఆశ్రయాన్ని, తేమను కల్పిస్తుంది.

హైదరాబాదు తూర్పున ఉన్న ఉప్పల్, నాచారం ప్రాంతాల నేల సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు. ఇటువంటి బండలపై బూడిద, పసుపు, నలుపు రంగులలో కనిపించే మచ్చలను చాలామంది మరకలనుకుంటారు. నిజానికి వాటిలో అనేకం సజీవమైన లైకెన్లే. రాతికి పొరవలె అంటుకొని ఉండే ఈ రకాన్ని క్రస్టోస్ లైకెన్లు అంటారు. గోటితో గీకినా ఇవి సులభంగా ఊడిరావు.

లైకెన్లు స్రవించే ఆక్సాలిక్ ఆమ్లం వంటివి రాతిలోని ఖనిజాలను మెల్లగా కరిగిస్తాయి. శిలీంధ్రపు పోగులు తడిసి ఉబ్బుతూ, ఎండి ముడుచుకుంటూ రాతి రేణువులను వదులు చేస్తాయి. ఆ పొడి, మృత లైకెన్ల అవశేషాలు కలిసి పలుచని మట్టిగా మారిన చోట మాస్ మొక్కలు, ఆ తరువాత గడ్డి మొలుస్తాయి.

గాలిలో సల్ఫర్ డయాక్సైడు పెరిగితే అనేక జాతులు నశిస్తాయి. పారిస్ నగరంలో గాలి నాణ్యతకు, లైకెన్లకు ఉన్న సంబంధాన్ని నైలాండర్ 1866లోనే గుర్తించాడు. నాచారం పారిశ్రామికవాడ బండలను ఊరికి దూరాన ఉన్న బండలతో పోల్చి చూడటం విద్యార్థులకు ఖర్చులేని ప్రయోగం. అయితే పోల్చడానికి బండ మిగిలి ఉండాలి. క్రస్టోస్ లైకెన్లు చాలావరకు ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడా పెరగవు. అరచేయంత మచ్చ ఏర్పడటానికి దశాబ్దాలు పడుతుంది. ఇళ్ళ స్థలాల కోసం బండను పేల్చడానికి ఒక పూట చాలు.

బిర్యానీ మసాలాలో వాడే రాతిపువ్వు కూడా లైకెనే. పేరులో రాయి ఉన్నా, అది చెట్ల బెరడుపై కూడా పెరుగుతుంది.