ర్యామ్ మంచిదే, మరి డిస్‌ప్లే ఎందుకు రాదు?

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మీద చౌటుప్పల్ దాటాక నల్లగొండ జిల్లా చిట్యాల వస్తుంది. ఇలాంటి ఊళ్లలో ఆన్‌లైన్ దరఖాస్తులు, జిరాక్సులు, పెళ్లి పత్రికల డీటీపీ పనులు చాలావరకు పాత అసెంబుల్డ్ సిస్టమ్‌ల మీదే నడుస్తుంటాయి. 2 జీబీ ర్యామ్‌తో బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిస్తే చాలు, సిస్టమ్ మొరాయిస్తుంది. కొత్తది కొనే స్తోమత లేకపోతే ర్యామ్ పెంచాలి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో అందరూ సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి స్టిక్ తెస్తారు. వేసి స్విచ్ నొక్కితే ఫ్యాన్ తిరుగుతుంది గానీ తెర మీద ఏమీ రాదు. ‘డూప్లికేట్ అంటగట్టాడు’ అన్న మాట అప్పుడే వచ్చేస్తుంది.

కొత్త స్టిక్ చెడిపోయి ఉండే అవకాశం లేకపోలేదు. కానీ ఎక్కువసార్లు తప్పు స్టిక్‌దీ కాదు, మదర్‌బోర్డుదీ కాదు. ఆ రెంటికీ పొత్తు కుదరకపోవడమే అసలు చిక్కు. అది ఎక్కడ బెడిసిందో తెలుసుకోవాలంటే సిస్టమ్ ఏ మెట్టు దాకా వచ్చి ఆగిందో చూడాలి. స్టిక్ స్లాట్‌లో దిగలేదా? దిగినా డిస్‌ప్లే రాలేదా? వచ్చినా తక్కువ జీబీ చూపుతోందా? అంతా చూపి మధ్యలో ఆగిపోతోందా? ఈ నాలుగింటికీ కారణాలు వేరు, మందులు వేరు.

ముందు ర్యామ్ లోపలి సంగతి కాస్త. 1966లో ఐబీఎం ఇంజినీరు రాబర్ట్ డెన్నార్డ్‌కు తట్టిన ఆలోచనే నేటికీ దానికి ఆధారం. ఒక ట్రాన్సిస్టర్, ఒక బుల్లి కెపాసిటర్ కలిస్తే ఒక బిట్. కెపాసిటర్‌లో విద్యుదావేశం ఉంటే 1, లేకుంటే 0. అయితే ఈ కెపాసిటర్ ఓటికుండ లాంటిది, నింపింది కారిపోతూనే ఉంటుంది. అందుకే సాధారణంగా ప్రతి 64 మిల్లీసెకన్లకోసారి మొత్తం చదివి మళ్లీ నింపుతారు. 8 జీబీ స్టిక్‌లో ఇలాంటివి 6,800 కోట్లకు పైనే. ఇన్నింటి లెక్క తప్పకూడదంటే బోర్డుకు స్టిక్ వివరాలు ముందే తెలియాలి. స్టిక్ మీద ఉండే చిన్న చిప్‌లో సైజు, వేగం, టైమింగులు రాసి ఉంటాయి. స్విచ్ వేయగానే బోర్డును లేపే ప్రోగ్రామ్ బయోస్ దాన్ని చదువుతుంది. ఆ వివరాలు తన పరిధిలో లేకపోతే అక్కడే ఆగిపోతుంది.

మొదటి మెట్టు స్లాట్. డీడీఆర్2, డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 తరాల స్టిక్‌ల అంచున ఉండే గాడి ఒక్కోదానికి ఒక్కోచోట ఉంటుంది. డెస్క్‌టాప్ డీడీఆర్3కి 240 పిన్నులు, డీడీఆర్4కి 288. కరెంటూ వేరే: డీడీఆర్3కి 1.5 వోల్టులు, డీడీఆర్4కి 1.2, డీడీఆర్5కి 1.1. గాడి కలవకపోతే అది ఆ స్లాట్‌ది కానట్టే. బలంగా నొక్కితే స్లాటు విరుగుతుంది తప్ప సిస్టమ్ లేవదు.

రెండో మెట్టు మెకానిక్‌లు ‘నో డిస్‌ప్లే’ అనేది. ఇక్కడ మొదట చూడాల్సింది స్టిక్ కూర్చున్న తీరు. పవర్ కేబుల్ తీసి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టి, కేబినెట్ లోహాన్ని ఒకసారి తాకి అప్పుడు చెయ్యి పెట్టాలి. మనకు చురుక్కుమనకుండానే ఒంటిలోని స్థిర విద్యుత్తు చిప్‌ను చంపగలదు. స్టిక్ రెండు కొసలనూ సమంగా నొక్కితే క్లిప్పు టక్కుమని పడాలి. ఒక కొస వెంట్రుకవాసి పైకి ఉన్నా డిస్‌ప్లే రాదు. పాత బోర్డుల స్లాట్లలో దుమ్ము పేరుకుని ఉంటుంది, దాన్ని బ్లోయర్‌తో ఊదాలి. స్టిక్ పిన్నుల్ని రబ్బరుతో రుద్దడం మనవాళ్ల అలవాటు. పని చేస్తుంది గానీ గట్టిగా రుద్దితే పలచటి బంగారు పూత పోతుంది, రబ్బరు పొడి స్లాట్‌లోకి చేరుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన మెత్తటి గుడ్డ మేలు.

అప్పటికీ రాకపోతే పాత స్టిక్ తీసేసి కొత్తది ఒక్కటే పెట్టి చూడాలి. తర్వాత స్లాటు మార్చాలి. ఒకసారికి ఒక్క మార్పే చెయ్యాలి. రెండు మూడు కలిపి మారిస్తే దేనివల్ల బాగైందో తేలదు. బోర్డు మీది నాణెమంత సీఆర్2032 బ్యాటరీని తీసి, కాసేపాగి పెడితే బయోస్ పాత సెట్టింగులు మరిచిపోతుంది. డీడీఆర్5 సిస్టమ్ అయితే కంగారు పడొద్దు. కొత్త స్టిక్‌తో టైమింగులు కుదుర్చుకోవడానికి మొదటిసారి కొన్ని నిమిషాలు నల్లతెరే ఉండొచ్చు.

ఇవన్నీ చేసినా లేవని కేసుల్లో అసలు గుట్టు లేబుల్ మీద ఉంటుంది. కోర్ 2 డుయో కాలం నాటి జీ41 చిప్‌సెట్ బోర్డునే తీసుకుందాం. దానికి 4 జీబీ డీడీఆర్3 స్టిక్‌లు రెండు వేసుకోవచ్చు. మార్కెట్లో అలాంటివి రెండు రకాలు. ఒకదాని మీద ‘2ఆర్×8’ అని ఉంటుంది, రెండు వైపులా కలిపి 16 చిప్‌లు. ఇంకోదాని మీద ‘1ఆర్×8’, ఒకే వైపు 8 చిప్‌లు. సైజు, గాడి, వేగం అన్నీ ఒకటే. కానీ మొదటిదాంట్లో ఒక్కో చిప్ 2 గిగాబిట్లు, రెండోదాంట్లో 4 గిగాబిట్లు. అంత పెద్ద చిప్‌లోని వరుసల్ని పిలవాలంటే ఇంకో అడ్రస్ లైను కావాలి, అది జీ41కు తెలియదు. ఫలితంగా డిస్‌ప్లే అసలు రాకపోవడమో, సగం జీబీయే కనబడటమో జరుగుతుంది. అదే స్టిక్ దానికన్నా కొత్తదైన హెచ్61 బోర్డులో హాయిగా పని చేస్తుంది. ‘డూప్లికేట్’ అనిపించుకునే స్టిక్‌లలో ఇలాంటివీ ఉంటాయి. చవగ్గా అమ్మే ‘ఏఎండీకి మాత్రమే’ స్టిక్‌లూ ఇంటెల్ బోర్డుల్లో ఇలాగే మొండికేస్తాయి.

ల్యాప్‌టాప్ లేబుల్‌లో ఒక్క అక్షరం చాలు చెడగొట్టడానికి. ‘పీసీ3ఎల్-12800ఎస్’ అని ఉంటే చివరి ‘ఎస్’ ల్యాప్‌టాప్ సైజుకు గుర్తు. 12800 అంటే సెకనుకు 12,800 మెగాబైట్లు, అదే డీడీఆర్3-1600. మధ్యలో ‘ఎల్’ అంటే 1.35 వోల్టులకే నడుస్తుందని. నాలుగో తరం ఇంటెల్ ల్యాప్‌టాప్‌లకు ఆ ‘ఎల్’ ఉన్నవే కావాలి. 1.5 వోల్టుల స్టిక్ గాడిలో చక్కగా దిగుతుంది, డిస్‌ప్లే మాత్రం రాదు.

మూడో మెట్టు: సిస్టమ్ లేచింది, జీబీలు తగ్గాయి. బయోస్‌లో పూర్తిగా కనబడి విండోస్‌లో తగ్గితే తప్పు సాఫ్ట్‌వేర్‌ది. 32 బిట్ల విండోస్ గుర్తించగలిగేది దాదాపు 429 కోట్ల బైట్లు, అంటే 4 జీబీ. అందులోనూ కొంత పరికరాలకు పోగా మూడుంపావు, మూడున్నర దగ్గర ఆగుతుంది. దానికి మందు 64 బిట్ల విండోస్. విండోస్ 7 హోమ్ బేసిక్ అయితే 64 బిట్లలోనూ 8 జీబీ దాటదు. ఎంఎస్‌కాన్ఫిగ్‌లో ‘మ్యాగ్జిమమ్ మెమరీ’ దగ్గర టిక్ పెట్టి ఉంటే తీసెయ్యాలి. బయోస్‌లోనే తగ్గితే స్టిక్‌నో స్లాట్‌నో అనుమానించాలి. ప్రాసెసర్ సాకెట్‌లో ఒక పిన్ను వంగినా ఒక స్లాటు మూగబోతుంది.

నాలుగో మెట్టు: అంతా కనబడుతుంది, గంటకోసారి నీలి తెర వస్తుంది. విండోస్‌లోనే ఉన్న మెమరీ డయాగ్నస్టిక్‌నో, మెమ్‌టెస్ట్86నో రాత్రంతా నడపనివ్వాలి. ఒక్క తప్పు చూపినా వదలొద్దు. స్టిక్‌లను విడివిడిగా పరీక్షిస్తే దోషి దొరుకుతుంది. కెపాసిటర్లలో ఆవేశం వేడికి త్వరగా కారుతుంది కాబట్టి నల్లగొండ జిల్లా మే నెల ఎండల్లో మధ్యాహ్నం కూడా ఒకసారి పరీక్షించడం మంచిది. వేగం పెంచే ఎక్స్ఎంపీ సెట్టింగు ఆన్‌లో ఉంటే ఆపి చూడాలి.

ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. తప్పుడు స్టిక్ ఇప్పుడు ఖరీదైన తప్పు. కొనబోయే ముందు కేబినెట్ తెరిచి, బోర్డు మీద ముద్రించిన మోడల్ నంబరునూ పాత స్టిక్ లేబుల్‌నూ ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఆ బోర్డు తయారీదారు ఎంతవరకు ర్యామ్ పడుతుందని చెప్పాడో చూసుకోండి. షాపులో ‘4 జీబీ కావాలి’ అనకుండా ఆ ఫొటోలు చూపించి, పని చేయకపోతే మార్చి ఇస్తామని బిల్లు మీద రాయించుకోండి.