పిల్లల కోసం ఏం కొన్నా సరే, డబ్బా వెనక్కి తిప్పి చదవండి

నిజామాబాద్‌లో ఉండే ఓ తల్లికి 14 నెలల బాబు. రెండు వైపులా తొలి మనవడు కావడంతో చూడ్డానికి వచ్చిన ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి పట్టుకొచ్చారు. మామూ వాకర్ తెచ్చాడు. ఖాలా లైట్లు వెలిగి పాటలు పాడే కారు తెచ్చింది. నానీమా తన పెట్టెలోంచి సుర్మాదానీ తీసి ఇచ్చింది. అన్నీ ప్రేమతో ఇచ్చినవే. ఏదీ కాదనలేదు.

2025 ఎండాకాలంలో బాబుకు విరేచనాలు పట్టుకున్నాయి. మెడికల్ షాపుకు వెళ్లి ఓఆర్‌ఎస్ అడిగితే, ఆపిల్ రుచి ఉన్న అట్ట డబ్బా చేతిలో పెట్టారు. దాని మీద ఓఆర్‌ఎస్ అని పెద్ద అక్షరాలతో ఉంది. బాబు ఇష్టంగా తాగాడు. కానీ రెండో రోజుకు విరేచనాలు తగ్గకపోగా పెరిగాయి. మూత్రం తగ్గింది, పిల్లాడు సోలిపోయాడు. ఆస్పత్రికి పరుగెత్తితే డాక్టరమ్మ మొదట అడిగిన మాట: "ఏం తాగిస్తున్నారమ్మా?" తల్లి ఖాళీ డబ్బా చూపించింది. డాక్టరమ్మ దాన్ని వెనక్కి తిప్పి, అందులో చక్కెర ఎంతుందో వేలు పెట్టి చూపించింది.

బాబు కోలుకున్నాడు. ఇంటికొచ్చాక ఆ తల్లి బాబు కోసం ఉన్న ప్రతి వస్తువునూ అలాగే తిప్పి చూడటం మొదలుపెట్టింది. ఆమెకు తెలిసొచ్చిన విషయాలు చిన్నపిల్లలున్న ప్రతి ఇంటికీ పనికొచ్చేవే.

అసలు ఓఆర్‌ఎస్ ఏది?

ఓఆర్‌ఎస్ అంటే జ్యూస్ కాదు, కొలత ప్రకారం కలిపిన మందు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం లీటరు నీళ్లకు గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు ఉండాలి. ఈ పాళ్లలో ఉంటేనే గ్లూకోజ్, ఉప్పు కలిసి పేగుల్లోంచి నీటిని ఒంట్లోకి తీసుకెళ్తాయి. చక్కెర మోతాదు మించితే అది తిరగబడుతుంది. ఒంట్లోని నీరే పేగుల్లోకి వచ్చి విరేచనాలు ఎక్కువవుతాయి.

ఇలాంటి తీపి పానీయాల మీద ఓఆర్‌ఎస్ అనే పేరు ఉండకూడదని హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబర్‌లో ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. అయినా షాపులో అడిగేటప్పుడు "డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా పొడి ప్యాకెట్" అని అడగడం మేలు. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లని రాసి ఉంటే అన్నే పోయాలి. కలిపిన నీళ్లు 24 గంటలు దాటితే పారబోయాలి. రెండేళ్లలోపు పిల్లలకు విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. తల్లిపాలు ఆపకూడదు. జింక్ మందు ఎన్ని రోజులు వేయాలో డాక్టర్ చెబుతారు. విరేచనాలు ఆగాయని దాన్ని మధ్యలో మానేయకూడదు. పిల్లాడు తాగలేకపోతున్నా, కళ్లు లోపలికి పోయినా, మూత్రం రాకపోయినా, విరేచనంలో రక్తం కనిపించినా ఇంట్లో ఉంచుకోకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

దగ్గు సిరప్ సంగతి

అలమారలో పాత దగ్గు సిరప్ సీసా ఒకటి కనిపించింది. పక్కింటి ఆపా తన పిల్లలకు వాడి, మిగిలింది ఇచ్చింది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో డైఇథైలీన్ గ్లైకాల్ అనే విషం కలిసిన సిరప్ తాగి పసిపిల్లలు చనిపోయారు. ఆ తర్వాత కేంద్ర ఆరోగ్య శాఖ రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయొద్దని, ఐదేళ్లలోపు వారికి కూడా మామూలుగా అవసరం లేదని వైద్యులకు సూచించింది. మామూలు జలుబు, దగ్గు చాలావరకు వాటంతట అవే తగ్గిపోతాయి. ఏడాది దాటిన పిల్లలకు కాస్త తేనె నాకించవచ్చు. ఏడాదిలోపు వారికి మాత్రం తేనె అసలు వద్దు. అందులో ఉండే ఒక రకం బ్యాక్టీరియా వల్ల బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

నానీమా సుర్మా

అన్నింటికంటే కష్టమైన మాట ఇదే. "నువ్వు పెరిగింది ఈ సుర్మాతోనే కదా బేటీ, నీ కళ్లకు ఏమైంది?" అంది నానీమా. నిజమే, కళ్లకు ఏమీ కాలేదు. కానీ ఇక్కడ భయం కళ్ల గురించి కాదు, సీసం గురించి.

సుర్మా రాయిగా చెప్పుకునే ఇస్మిద్ అసలు ఆంటిమొనీ రాయి అంటారు. బజార్లో ఆ పేరుతో దొరికే నల్లని మెరిసే రాయి చాలాసార్లు గెలీనా, అంటే సీసం ఖనిజం. చూపుకు రెండూ ఒకేలా ఉంటాయి. పిల్లాడు కళ్లు నలుపుకుని అదే వేలు నోట్లో పెట్టుకుంటాడు. అలా సీసం ఒంట్లో చేరి మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, రక్తహీనత తెస్తుంది. పైకి ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు. పిల్లల రక్తంలో సీసం ఇంత వరకు ఉన్నా ఫర్వాలేదు అనే మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఎన్నో ఏళ్లుగా వాడుతున్నవారు డాక్టర్‌ని అడిగి పిల్లాడికి సీసం రక్తపరీక్ష చేయించవచ్చు.

ఇదంతా విన్నాక నానీమా కాసేపు మాట్లాడలేదు. తర్వాత "కడిగి ఖాళీగా పెట్టుకో, దానీ మాత్రం పారెయ్యకు" అంది.

వాకర్‌తో నడక తొందరగా రాదు

వాకర్‌లో ఉంటే బాబు త్వరగా నడుస్తాడని అందరూ అనుకున్నారు. నిజానికి వాకర్‌లో పిల్లలు వేళ్ల కొనలతో నేలను తోస్తూ పోతారు. దాంతో నిలబడటం, బ్యాలెన్స్ చేసుకోవడం అలవాటు కాక, సొంతంగా నడవడం ఆలస్యం కూడా కావచ్చు. అంతకంటే పెద్ద సమస్య వేగం. ఒక్క సెకనులో దాదాపు మీటరు దూరం వెళ్లిపోతారు. తల్లి పక్కనే ఉన్నా చెయ్యి అందదు. మెట్ల మీంచి పడటం, పొయ్యి మీది గిన్నె, వేడి చాయ్ కప్పు అందుకోవడం ఇలాగే జరుగుతాయి. కెనడా 2004లోనే వీటి అమ్మకాన్ని నిషేధించింది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా నిషేధమే కోరుతోంది.

ఈ ఇంట్లోనూ ఓసారి వాకర్ వరండా మెట్ల అంచు దాకా వెళ్లింది. తాత పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. చక్రాలు తీసేసి వాకర్‌ను మూలన పడేశారు. బాబు ఇప్పుడు దివాన్ పట్టుకుని నడక నేర్చుకుంటున్నాడు.

లైట్ల కారులోని చిన్న బిళ్ళ

పాటల కారు అడుగున బ్యాటరీ మూతకు స్క్రూ లేదు. గోరుతో లాగితే వచ్చేసింది. లోపల గుండ్రని బటన్ బ్యాటరీలు. పిల్లాడు ఇలాంటిది మింగి అది గొంతులో ఇరుక్కుంటే, తడి తగలగానే కరెంటు పుట్టి అక్కడి కండను కాల్చేస్తుంది. రెండు గంటల్లోనే తీవ్రమైన గాయం కావచ్చు. మింగాడని అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించకుండా, పొద్దున చూద్దాంలే అనుకోకుండా, వెంటనే ఎక్స్‌రే ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

మన దేశంలో 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. గుర్తుతో పాటు ఉండే లైసెన్స్ నంబర్‌ను బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి నిజమా కాదా చూసుకోవచ్చు. మూడేళ్లలోపు పిల్లలకైతే ఊడివచ్చే చిన్న ముక్కలు ఉండకూడదు. పది రూపాయల బిళ్ళ వెడల్పు 27 మిల్లీమీటర్లు. ఆ సైజువి, దానికంటే కాస్త పెద్దవి కూడా గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉంది.

మరి మిగిలిందేంటి?

మిగిలినవి ఎక్కువగా చవకవే. స్టీలు గిన్నెలు, గరిటెలు, గుడ్డ బంతి, మందమైన అట్టల పుస్తకం. కొయ్య బొమ్మలు కావాలంటే అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక ఉంది. అక్కడ అంకుడు కర్రతో చేసి లక్క, ప్రకృతి రంగులు అద్దుతారు. భౌగోళిక గుర్తింపు ఉన్న ఇలాంటి చేతివృత్తి బొమ్మలకు ఐఎస్ఐ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. కాబట్టి రంగు ఊడుతుందా, చిన్న ముక్కలు ఉన్నాయా అన్నది కొనేవాళ్లే చూసుకోవాలి.

ఈద్‌కు ముందు మామూ ఫోన్ చేసి, "ఈసారి ఏం తేవాలి ఆపా?" అని అడిగాడు. "బంతి చాలు భాయ్. కొనే ముందు దాన్ని ఓసారి తిప్పి చూడు" అంది ఆమె.