లిఫ్ట్ చేయించాక థార్, జిమ్నీ ఎందుకు అంతలా కుదుపుతాయి? లక్షలు ఖర్చు పెట్టే ముందు ఇవి తెలుసుకోండి

బండి ఎత్తు పెరిగింది. లుక్ అదిరింది. సిగ్నల్ దగ్గర ఆగితే పక్కవాళ్లు తల తిప్పి చూస్తున్నారు. కానీ వెనక సీట్లో కూర్చున్న అమ్మానాన్నలు మాత్రం "ఈసారి బస్సులో వెళ్దాం" అంటున్నారు. స్పీడ్ బ్రేకర్ వస్తే నడుం పట్టేస్తోంది. హైవే ఎక్కితే స్టీరింగ్ అటూ ఇటూ లాగుతోంది. పికప్ తగ్గింది, మైలేజీ పడిపోయింది. లిఫ్ట్ కిట్ వేయించుకున్న చాలామంది చెప్పే కంప్లైంట్లు ఇవే.

మహీంద్రా థార్, మారుతి జిమ్నీ వచ్చాక తెలుగు రాష్ట్రాల్లో కూడా ఆఫ్ రోడింగ్ సరదా బాగా పెరిగింది. వీకెండ్ వస్తే హైదరాబాద్ నుంచి వికారాబాద్ అనంతగిరి వైపు, వైజాగ్ నుంచి లంబసింగి, అరకు వైపు బండ్లు బయల్దేరుతున్నాయి. ఆ సరదాతోనే లిఫ్ట్ కిట్లు, పెద్ద టైర్ల మీద మోజు కూడా పెరిగింది. అసలు బండిని ఎత్తు చేస్తే లోపల ఏం మారుతుంది? కుదుపు ఎందుకు వస్తుంది? ఇప్పటికే చేయించినవాళ్లు దాన్ని ఎలా సరిచేసుకోవాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

లిఫ్ట్ అంటే ఏంటి? ఎన్ని రకాలు?

బండిని ఎత్తు చేయడానికి ప్రధానంగా మూడు పద్ధతులున్నాయి.

మొదటిది స్పేసర్ లిఫ్ట్. ఉన్న స్ప్రింగ్ పైనో, స్ట్రట్ పైనో ఒక దిమ్మ లాంటి ముక్క పెట్టి బిగిస్తారు. ఇది అన్నిటికంటే చవక. స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ పాతవే ఉంటాయి.

రెండోది సస్పెన్షన్ లిఫ్ట్. పొడవైన స్ప్రింగులు, వాటికి సరిపోయే కొత్త షాక్ అబ్జార్బర్లు కలిపి సెట్‌గా మారుస్తారు. ఖర్చు ఎక్కువే, కానీ పద్ధతిగా జరిగే పని ఇదే.

మూడోది బాడీ లిఫ్ట్. ఛాసిస్‌కు, బాడీకి మధ్య ముక్కలు పెట్టి బాడీని మాత్రమే పైకి లేపుతారు. పెద్ద టైర్లు పట్టడానికి చోటు దొరుకుతుంది తప్ప, కింద ఉన్న ఛాసిస్ ఎత్తు అంగుళం కూడా పెరగదు.

చాలామందికి తెలియని అసలు లెక్క

రెండు అంగుళాల లిఫ్ట్ వేయిస్తే గ్రౌండ్ క్లియరెన్స్ మొత్తం రెండు అంగుళాలు పెరిగిపోతుందని చాలామంది అనుకుంటారు. ఇది సగమే నిజం.

థార్ వెనక భాగంలో సాలిడ్ యాక్సిల్ ఉంటుంది. జిమ్నీకి ముందూ వెనకా రెండు వైపులా సాలిడ్ యాక్సిలే. దాని మధ్యలో ఉండే డిఫరెన్షియల్, అంటే వాడుకలో చెప్పే 'గుండు', నేరుగా చక్రాలకే కలిసి ఉంటుంది. స్ప్రింగ్ ఎంత పొడుగు చేసినా ఆ గుండు ఉన్నచోటే ఉంటుంది. రాయికి తగిలేది ఎక్కువగా అదే. దాన్ని పైకి లేపాలంటే ఒకటే దారి, టైర్ సైజు పెంచడం.

లెక్క వేసి చూద్దాం. మూడు డోర్ల థార్‌లో 18 అంగుళాల చక్రాలున్న వేరియంట్‌కు కంపెనీ ఇచ్చే టైర్ 255/65 ఆర్18. దాని మొత్తం ఎత్తు సుమారు 789 మిల్లీమీటర్లు. దాని బదులు 285/65 ఆర్18 వేస్తే ఎత్తు సుమారు 828 మిల్లీమీటర్లు అవుతుంది. తేడా 39 మిల్లీమీటర్లు. కానీ యాక్సిల్ ఉండేది చక్రం మధ్యలో కాబట్టి గుండు పైకి లేచేది అందులో సగమే, అంటే 20 మిల్లీమీటర్ల లోపే.

మరి సస్పెన్షన్ లిఫ్ట్ దండగేనా? అలా కాదు. ముందు బంపర్ రాయికి తగలకుండా ఎక్కే కోణం, వెనక భాగం ఆనకుండా దిగే కోణం, మధ్యలో పొట్ట తగలకుండా మిట్ట దాటే కోణం పెరుగుతాయి. పెద్ద టైర్ తిరగడానికి చోటు కూడా వస్తుంది. కాకపోతే థార్‌కు కంపెనీ నుంచే 226, జిమ్నీకి 210 మిల్లీమీటర్ల క్లియరెన్స్ వస్తోంది. వీకెండ్‌లో మట్టి రోడ్లు, చిన్న గుట్టలు ఎక్కేవాళ్లకు చాలావరకు ఇది సరిపోతుంది.

కుదుపు ఎక్కడి నుంచి వస్తుంది?

లిఫ్ట్ తర్వాత బండి కుదపడానికి ముఖ్యంగా నాలుగు కారణాలుంటాయి.

ఒకటి, గట్టి స్ప్రింగులు. స్టీల్ బంపర్, వించ్, రూఫ్ ర్యాక్, దాని మీద సామాను మోయడానికి తయారైన స్ప్రింగులను ఖాళీ బండికి వేస్తారు. బరువు లేకపోతే ఆ స్ప్రింగ్ అణగదు. అణగని స్ప్రింగ్ ప్రతి గుంతనూ సీటు దాకా పంపిస్తుంది.

రెండు, స్ప్రింగుకు జోడీ కుదరని షాక్ అబ్జార్బర్. స్ప్రింగ్ పని బరువు మోయడం, షాక్ అబ్జార్బర్ పని ఆ స్ప్రింగ్ ఊగకుండా ఆపడం. స్ప్రింగ్ మార్చి షాక్ పాతదే ఉంచితే బండి పడవలా ఊగుతుంది. పైగా ఎత్తు పెరిగిన బండిలో పాత షాక్ ముందే సాగిపోయి ఉంటుంది. స్పీడ్ బ్రేకర్ దాటాక చక్రం కిందికి జారేటప్పుడు దానికి ఇంక సాగే చోటు ఉండదు. అప్పుడే 'ఠక్' అని శబ్దం వస్తుంది. ఇలాగే నడిపితే షాక్ తొందరగా పాడవుతుంది.

మూడు, బరువైన టైర్లు. మట్టి కోసం చేసిన టైర్లు మామూలు టైర్ల కంటే బరువుగా, పక్కలు గట్టిగా ఉంటాయి. ఈ బరువు స్ప్రింగ్ మీద కాదు, స్ప్రింగ్ కింద ఉంటుంది. దాన్ని అదుపు చేయడం సస్పెన్షన్‌కు కష్టం. అందుకే చిన్న చిన్న గతుకులు కూడా చేతికి తెలుస్తాయి.

నాలుగు, మారిపోయిన కోణాలు. సస్పెన్షన్ చేతులు, స్టీరింగ్ రాడ్లు కంపెనీ పెట్టిన కోణంలో ఉండవు. రబ్బరు బుష్‌లు మెలిపడి ఉంటాయి. థార్ ముందు భాగంలో ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఉంటుంది కాబట్టి బాల్ జాయింట్లు, డ్రైవ్ షాఫ్ట్ జాయింట్లు ఎక్కువ కోణంలో తిరగాల్సి వస్తుంది. జిమ్నీలో అయితే యాక్సిల్‌ను పక్కకు జరగకుండా పట్టుకునే అడ్డ రాడ్ కోణం మారి, యాక్సిల్ మొత్తం కొద్దిగా ఒక పక్కకు జరుగుతుంది.

స్టీరింగ్ ఎందుకు లాగుతుంది?

మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతటదే నిటారుగా రావడానికి కారణం 'క్యాస్టర్' అనే కోణం. సైకిల్ ముందు ఫోర్క్ కాస్త ఏటవాలుగా ఉంటుంది కదా, అలాంటిదే ఇదీ. జిమ్నీ లాంటి బండిని ఎత్తితే యాక్సిల్ కొద్దిగా తిరిగి ఈ కోణం తగ్గిపోతుంది. దాంతో హైవే మీద బండి తేలిపోతున్నట్టు అనిపిస్తుంది.

ముందు సాలిడ్ యాక్సిల్ ఉన్న బండ్లలో ఇంకో ప్రమాదం ఉంది. బుష్‌లు అరిగి, రాడ్లు లూజై, టైర్ బ్యాలెన్స్ తప్పితే ఒక వేగంలో గతుకు తగలగానే స్టీరింగ్ విపరీతంగా వణుకుతుంది. అలా జరిగితే భయపడి బ్రేక్ మీద నిలబడకూడదు. స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, యాక్సిలరేటర్ వదిలి, వేగం మెల్లగా తగ్గించాలి. ఆ తర్వాత మెకానిక్‌కు చూపించకుండా మళ్లీ హైవే ఎక్కొద్దు.

పికప్, మైలేజీ ఎందుకు తగ్గుతాయి?

టైర్ పెద్దదైతే ఒక్క చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది. పైన చెప్పిన థార్ ఉదాహరణలో తేడా దాదాపు 5 శాతం. అంటే ప్రతి గేరూ 5 శాతం బరువెక్కినట్టే. మీటర్ 100 చూపిస్తున్నప్పుడు బండి అసలు వేగం ఇంతకు ముందు కంటే 5 శాతం ఎక్కువ ఉంటుంది. స్పీడ్ కెమెరాకు చిక్కి చలానా వచ్చాక "నేను అంత స్పీడ్‌లో లేనే" అనుకుంటే లాభం లేదు.

థార్ 2.0 లీటర్ టర్బో పెట్రోల్ ఇంజిన్ 150 పీఎస్ పవర్ ఇస్తుంది కాబట్టి కొంత సర్దుకుంటుంది. జిమ్నీ 1.5 లీటర్ ఇంజిన్ పవర్ 105 పీఎస్ లోపే. అక్కడ ప్రతి కిలో బరువూ తెలుస్తుంది. అందుకే జిమ్నీకి 195/80 ఆర్15 నుంచి 215/75 ఆర్15కి వెళ్తే ఎత్తు తేడా 11 మిల్లీమీటర్లు దాటదు, గేరింగ్ మీద భారం 1.5 శాతమే. అంతకంటే పెద్దవి వేస్తే పికప్ తిరిగి రావడానికి యాక్సిల్ గేర్లే మార్చాల్సి వస్తుంది. అది పెద్ద ఖర్చు.

ఇంజిన్ సంగతి అలా ఉంటే, బ్రేకులు కూడా అంతే. బరువైన చక్రాన్ని ఆపడానికి అవే బ్రేకులు ఎక్కువ కష్టపడాలి. ముందు వెళ్లే బండికి దూరం పాటించడం ఇంతకు ముందు కంటే ముఖ్యం.

ఇప్పటికే లిఫ్ట్ చేయించారా? ఈ వరసలో సరిచేయండి

ఖర్చు లేని దాంతో మొదలుపెట్టడం మంచిది.

1. ముందు గాలి చూడండి. కొత్త టైర్లు వేసిన చోట తరచూ అవసరానికి మించి కొడతారు. చల్లగా ఉన్న టైర్‌లో గాలి చెక్ చేయాలి. డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉన్న అంకె నుంచి మొదలుపెట్టి, టైర్ సైజు మారితే దానికి తగ్గట్టు టైర్ షాపులో సరిచూసుకోవాలి. మట్టి, ఇసుకలో 18 నుంచి 20 పీఎస్ఐకి దించితే పట్టు, మెత్తదనం రెండూ పెరుగుతాయి. కానీ తారు రోడ్డు ఎక్కేముందు మళ్లీ నింపాల్సిందే. తక్కువ గాలితో వేగంగా వెళ్తే టైర్ వేడెక్కుతుంది, మలుపులో రిమ్ నుంచి ఊడొచ్చు.

2. వీల్ అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ చేయించండి. టో ఒక్కటే కాదు, క్యాంబర్, క్యాస్టర్ అంకెలు కూడా ప్రింట్ తీసుకోండి. స్టీరింగ్ సెన్సర్ రీసెట్ అవసరమేమో అడగండి.

3. బుష్ బోల్టులు చూపించండి. బండి జాకీ మీద వేలాడుతున్నప్పుడే సస్పెన్షన్ బోల్టులు పూర్తిగా బిగిస్తే, కిందికి దించాక రబ్బరు మెలిపడి బిగుసుకుపోతుంది. బోల్టులు వదులు చేసి, చక్రాలు నేల మీద ఉండగా, బండి బరువు పడ్డాక బిగించాలి. చాలా బండ్లలో సగం కుదుపు ఇక్కడే పోతుంది.

4. స్ప్రింగ్, షాక్ జోడీ చేయండి. బండి మీద ఎప్పుడూ ఉండే బరువు ఎంతో ముందు లెక్కేసుకోవాలి. వారానికి ఐదు రోజులు ఆఫీసుకు ఖాళీగా తిరిగే బండికి, ట్రిప్ కోసం వేసే గట్టి స్ప్రింగ్ పనికిరాదు. షాక్ అబ్జార్బర్ పొడవు కొత్త ఎత్తుకు సరిపోవాలి.

5. చిన్న భాగాలు మరవొద్దు. బ్రేక్ పైపులు, ఏబీఎస్ వైర్లు చక్రం పూర్తిగా కిందికి జారినప్పుడు లాగినట్టు ఉండకూడదు. స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి టైర్ ఎక్కడైనా రాసుకుంటుందేమో చూడాలి. హెడ్‌లైట్లు కిందికి దించి సెట్ చేయించాలి. లేదంటే ఎదుటి వాళ్ల కళ్లలో పడతాయి.

ఘాట్ రోడ్డులో జాగ్రత్త

ఎత్తు పెరిగిన కొద్దీ బండి బోల్తా పడే అవకాశం పెరుగుతుంది. రెండు చక్రాల మధ్య వెడల్పులో సగాన్ని, బండి గరిమనాభి ఎత్తుతో భాగిస్తే స్థిరత్వం అంచనాకు వస్తుంది. థార్ చక్రాల మధ్య వెడల్పు 1,520 మిల్లీమీటర్లు. లెక్క కోసం గరిమనాభి 700 మిల్లీమీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. లిఫ్ట్ తర్వాత అది 740కి చేరితే స్థిరత్వం 5 శాతానికి పైగా తగ్గుతుంది. పైన ర్యాక్, దాని మీద సామాను కడితే ఇంకా తగ్గుతుంది.

మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు దిగే ఘాట్ రోడ్డు లాంటి చోట, మలుపులో ఎదురుగా లారీ వస్తే స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పాల్సి వస్తుంది. కంపెనీ ఇచ్చిన ఈఎస్‌పీ పాత ఎత్తుకు, పాత టైర్లకు సెట్ చేసింది. కొత్త ఎత్తులో అది అంతే బాగా కాపాడుతుందన్న గ్యారంటీ లేదు.

వాగుల విషయం కూడా అంతే. బండి ఎత్తుగా ఉంది కదా అని పొంగుతున్న వాగులోకి దించొద్దు. పారే నీటి తోపుడు ముందు రెండు అంగుళాల లిఫ్ట్ లెక్కలోకి రాదు.

చట్టం ఏం చెబుతోంది?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, తయారీ కంపెనీ ఇచ్చిన వివరాలకు, ఆర్సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే విషయాన్ని స్పష్టం చేసింది. సెక్షన్ 182ఏ ప్రకారం, అనుమతి లేని మార్పులు చేయిస్తే యజమానికి ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు.

జరిమానా కంటే పెద్ద దెబ్బ ఇన్సూరెన్స్ దగ్గర తగలొచ్చు. చెప్పకుండా చేసిన మార్పులున్న బండికి యాక్సిడెంట్ అయితే, క్లెయిమ్ విషయంలో కంపెనీ అభ్యంతరం చెప్పే అవకాశం ఉంది. సస్పెన్షన్, డ్రైవ్ షాఫ్ట్ లాంటి వాటికి వారంటీ కూడా పోవచ్చు. అందుకే ఏ పనైనా మొదలుపెట్టే ముందు ఆర్టీఏ ఆఫీసులో, ఇన్సూరెన్స్ కంపెనీలో, డీలర్ దగ్గర అడగడం మంచిది. సమాధానం కాగితం మీద తీసుకోవాలి.

మరి ఏం చేయాలి?

కొత్తగా బండి కొన్నవాళ్లు ముందు నాలుగైదు ట్రిప్పులు కంపెనీ ఎత్తుతోనే తిరగాలి. బండి ఎక్కడ తగులుతోంది, ఎక్కడ ఇరుక్కుంటోంది అన్నది అప్పుడే తెలుస్తుంది. చాలాసార్లు ఇరుక్కునేది ఎత్తు చాలక కాదు, పట్టు చాలక. అలాంటప్పుడు అదే సైజులో మంచి ఆల్ టెర్రైన్ టైర్లు, ఒక గాలి మీటర్, చిన్న కంప్రెసర్, తాడు కొనుక్కుంటే సరిపోతుంది. వీటికి లిఫ్ట్ కిట్ అంత ఖర్చు కాదు. ఆర్సీతో పేచీ రాదు. వెనక సీట్లో అమ్మానాన్నలు కూడా ప్రశాంతంగా కూర్చుంటారు.