చిన్న మెదడు - పెద్దల మతి

1979 ఆగస్టు 10న శ్రీహరికోటనుండి ఎగసిన యస్.ఎల్.వి.-3 రాకెట్టు బంగాళాఖాతమున కూలినది. మొదటి దశ చక్కగనే మండినది. రెండవ దశకు దారి దిద్దవలసిన నియంత్రణవ్యవస్థలో కవాటము చెడి, వాహనము అదుపు తప్పినది. మరుసటి యేడు జూలై 18న అదే తరగతి వాహనము రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపినది. బలము వేరు, బలమును సరిదిద్దు అదుపు వేరు. మన కపాలమునందును ఈ భేదము కలదు.

తల వెనుక, మెడకు పైన నుండు చిన్న మెదడు తూకమున మొత్తములో పదవవంతు మాత్రమే. నాడీకణములందురా, సుమారు 8,600 కోట్లలో ఇంచుమించు 6,900 కోట్లు దానియందే యున్నవి. నడకను, చేతిపనిని, పలుకును దిద్దుటయే దాని పనియని వైద్యులు చిరకాలము తలచిరి. 1998లో బోస్టను నగరమున ష్మామన్, షెర్మన్ అనువారు చిన్న మెదడునకు మాత్రమే జబ్బు సోకిన 20 మందిని పరీక్షించి, వారి ఆలోచనయు స్వభావమును గూడ మారినట్లు ప్రకటించిరి. అట్టివారు పనులకు వరుస కూర్చలేరు. తగిన మాట తోచదు. కొందరు దేనికిని చలింపరు, కొందరు మర్యాద మరచి ప్రవర్తింతురు. కాలు తడబడినట్లే తలపును తడబడును.

ఇది మన యిండ్ల సంగతి. నిన్నటివరకు కౌలు లెక్కలు నోటిమీద చెప్పిన పెద్దాయన నేడు పాలేరుపై నిష్కారణముగ మండిపడిన, చాదస్తమందుము. కొడుకులు దస్తావేజుపై సంతకమునకు తొందరపడుదురు. వైద్యుని పిలుచు ఆలోచన మాత్రము ఎవరికిని రాదు!

వయస్సుతో చిన్న మెదడు కొంత కుంచించుకొనుట నిజమే. ఐనను ప్రతి మతిమరుపును దానికంటగట్టుట తగదు. అల్జీమర్ వ్యాధి తొలుత దెబ్బతీయునది జ్ఞాపకమునకాధారమగు హిప్పోకాంపసు ప్రాంతమును. థైరాయిడ్ కొరత, బి12 లోపము, నిద్రమందులు గూడ తబ్బిబ్బు కలిగించును. ఇవి చికిత్సకు లొంగును. సారాయి చిన్న మెదడునే తినివేయును. ఈ మాట కొందరు పాఠకులకు రుచింపదని మేమెరుగుదుము.

హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో సువర్ణ అల్లాడి ప్రభృతులు 648 మంది రోగులను పరిశీలించి, రెండు భాషలు మాటాడువారికి మతిభ్రంశము నాలుగున్నర యేండ్లు ఆలస్యముగ వచ్చుచున్నదని 2013లో వెల్లడించిరి. అక్షరము రానివారియందును ఈ భేదము కనబడినది. కావున మన పల్లెల ముసలివారి మతిని చదువుతోగాని, పరాయిభాషా ప్రశ్నలతోగాని కొలువరాదు. సూళ్లూరుపేట, గూడూరు వంటి చోట్ల వారమునకొకనాడైన ఇట్టి పరీక్ష తెలుగున జరుగవలెనని మేము కోరుచున్నాము. అంతవరకు ఇంటివారు, పెద్దల నడక, పలుకు, స్వభావము ఎప్పటినుండి మారినవో తేదీలతో వ్రాసి, వారు వాడు మందుల చీటీలతోకూడ వైద్యునికి చూపవలెను. దస్తావేజు సంగతి తరువాత.