మీకు తెలుసా? పప్పులోని విటమిన్‌ను పనికొచ్చేలా చేసే ఎంజైమ్

చేలల్లో పండే పెసలు, మినుములు, కందుల్లో ఫోలేట్ అనే విటమిన్ ఉంటుంది. మన కణాల్లో అది టెట్రాహైడ్రోఫోలేట్‌గా మారితేనే ఉపయోగం. ఆ మార్పులో కీలకం డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్. ఈ ఎంజైమ్ 186 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. ఎనిమిది పోగుల బీటా పలక చుట్టూ ముడుచుకుని ఉంటుంది. దానిలోని లోతైన గాడిలో ఎన్‌ఏడీపీహెచ్ అనే అణువు, ఫోలేట్ రూపమైన డైహైడ్రోఫోలేట్ పక్కపక్కనే కుదురుకుంటాయి. మొదటిది రెండు ఎలక్ట్రాన్లతో సహా ఒక హైడ్రోజన్‌ను రెండోదానికి అందిస్తుంది. క్షయకరణం అంటే ఇదే. ఈ పని ఆగితే డీఎన్‌ఏకు కావలసిన థైమిడిన్ కరువై కణవిభజన నిలిచిపోతుంది.

క్యాన్సర్‌పై పోరుకు దారి దొరికింది ఇక్కడే. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో నడిపిన బృందం ఫోలేట్‌ను పోలిన అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్‌లను తయారుచేసింది. అవి ఫోలేట్ కంటే ఎంతో గట్టిగా ఆ గాడిలో అతుక్కుని ఎంజైమ్ పనిని ఆపేస్తాయి. అమినోప్టెరిన్‌తో లుకేమియా పిల్లలకు తాత్కాలికంగా వ్యాధి తగ్గిందని 1948లో వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ప్రకటించారు. అదే ఏడాది సుబ్బారావు కన్నుమూశారు. ఆయన చేసిన మేలుకు తగిన పేరు నేటికీ దక్కలేదు.

ఈ మెథోట్రెక్సేట్‌నే కీళ్లవాతానికీ వాడతారు. ఆ మాత్ర వేసుకునేవారికి ఒక మాట: అది సాధారణంగా వారానికి ఒక్కసారి వేసుకునే మందు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. డాక్టర్ చెప్పిన రోజును చీటీ మీద రాయించుకోండి.