పుట్టుకకు పూర్వమే పని పూనిన గ్రంథి

తల్లికడుపులో అధివృక్కగ్రంథి రూపొందు తీరు. అందలి లోపమును పసికట్టు ఒక్క రక్తపుచుక్క

కృష్ణా పశ్చిమ డెల్టాలో, తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములందు తొలికాన్పునకు పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డను చూడవచ్చిన బంధువులెల్లరును అడుగు మొదటి ప్రశ్న, కడుపులో బిడ్డ బాగున్నదా యనియే. స్కానింగు చూచిన వైద్యుడు తలయు, గుండెయు, వెన్నెముకయు బాగున్నవని చెప్పగానే ఇంటిల్లిపాదియు ఊరట చెందుదురు. కాని మూత్రపిండములపై టోపీలవలె అమరి, ఆ బిడ్డ ఊపిరికిని ప్రాణమునకును అండయై నిలిచిన రెండు చిన్న గ్రంథులను గూర్చి తలచువారు బహు తక్కువ.

రెండు వంశముల కలయిక

గర్భధారణము జరిగిన నాలుగవ వారమున, పిండముయొక్క మధ్యత్వచమునందు, బీజకోశములకును ఈ గ్రంథికిని ఉమ్మడి మూలమైన కణసమూహ మొకటి పొడసూపును. అది కొలది దినములలో రెండుగా విడివడి, అందొక భాగము అధివృక్క వల్కలమగును. దీనితో ఏ చుట్టరికమును లేని నాడీశిఖకణములు, వెన్నుపాము రూపొందుచోటనుండి బయలుదేరి, ఏడెనిమిదవ వారములనాటికి ఈ వల్కలములోనికి చొచ్చుకొనివచ్చి, ముందుముందు అడ్రినలిన్ స్రవించు దవ్వగా స్థిరపడును. ఇట్లు హార్మోనుల వంశమొకటియు, నాడుల వంశమొకటియు ఒకే గూటిలో కాపురముండుట మన శరీరనిర్మాణమునందలి విశేషములలో నొకటి.

గర్భస్థశిశువునందు వల్కలముయొక్క అధికభాగము పెద్దలలో కానరాని 'పిండమండలము'. ఇది తయారుచేయు డి.హెచ్.ఇ.ఏ. సల్ఫేటును మాయ గ్రహించి ఈస్ట్రోజనుగా మార్చును. తల్లికి అవసరమైన ఆ హార్మోను తయారగుటలో బిడ్డయు పాలుపంచుకొనునన్నమాట. నెలలు నిండి పుట్టిన శిశువునందు ఈ రెండు గ్రంథుల బరువు కలిపి సుమారు 8 గ్రాములు. పెద్దవారిలోను ఇంచుమించు అంతయే. మూడు కిలోల బిడ్డకును అరువది కిలోల మనిషికిని ఈ గ్రంథులు ఒకే తూకమున నుండుటనుబట్టియే గర్భమునందు వీటి శ్రమ యెంతటిదో తెలియును. కాన్పు కాగానే పిండమండలముతో పని తీరిపోవును గనుక, అది వడివడిగా కుంచించుకొనిపోవగా, మొదటి కొన్ని వారములలోనే గ్రంథి బరువు సగమునకు తగ్గును.

ఊపిరికి ముందటి సన్నాహము

తుదినెలలలో ఈ గ్రంథి స్రవించు కార్టిసాల్, ఊపిరితిత్తుల గాలితిత్తులు ఒకదానికొకటి అంటుకొనకుండ కాపాడు పదార్థమును సిద్ధపరచును. న్యూజిలాండునందలి ఆక్లండులో లిగిన్స్, హోవీ అను వైద్యులు, నెలలు నిండకమున్నే నొప్పులు వచ్చిన తల్లులకు ఇట్టి స్టెరాయిడు నిచ్చినచో శిశువుల శ్వాసకష్టము తగ్గునని 1972లో నిరూపించిరి. 24 నుండి 34 వారముల నడుమ అకాల ప్రసవము రానున్నప్పుడు, పెద్దాసుపత్రికి పంపుటకు ముందే డెక్సామెథాసోన్ మొదటి మోతాదును ఏ.ఎన్.ఎమ్. ఈయవచ్చునని 2014లో మన కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకములు వెలువరించినది.

మడమనుండి ఒక చుక్క

కార్టిసాల్ తయారీకి కావలసిన 21-హైడ్రాక్సిలేజ్ అను ఎంజైము లోపించినప్పుడు, గ్రంథి వృథాగా పెరిగి, పురుషహార్మోనులను అధికముగా చేయును. ఆడశిశువునందు ఈ దోషము జననాంగముల తీరులో పుట్టినప్పుడే కనబడవచ్చును. మగశిశువు చూచుటకు చక్కగానే యుండును. రెండవ మూడవ వారములలో పాలు కక్కుకొనుట, బరువు తగ్గుట, మగతగా పడియుండుట కనుపించును. అజీర్ణమో విరేచనములో యని పెద్దలు భ్రమపడుదురు. వాస్తవమునకు దేహమునుండి ఉప్పు హరించుకొనిపోవుచుండును. రేపల్లె తీరగ్రామములనుండి తెనాలి మీదుగా గుంటూరు పెద్దాసుపత్రికి చేరులోపల ప్రాణాపాయము మూడవచ్చును.

హైదరాబాదులోని ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రులలో 18,300 మంది శిశువులను పరీక్షింపగా, ప్రతి 2,575 మందిలో ఒకరికి ఈ వ్యాధి ఉన్నట్లు 2004లో వెల్లడియైనది. దేశమునందలి ఐదు నగరములలో లక్షకు పైగా శిశువులపై జరిగిన భారత వైద్యపరిశోధనా మండలి అధ్యయనమున ఆ లెక్క 5,762 మందిలో ఒకరు. తల్లిదండ్రు లిరువురును లోపమున్న జన్యువును మోయుచున్నప్పుడు ప్రతి కాన్పులోను నాల్గింట ఒక పాలు బిడ్డకు వ్యాధి కలుగవచ్చును. మేనరికములు పరిపాటియైన మన సీమలో ఈ మాట మరువరానిది.

ఈ ప్రాణాపాయమును తప్పించు ఉపాయము దుర్లభము కాదు. పుట్టిన రెండు మూడు దినములలో బిడ్డ మడమను సూదితో గ్రుచ్చి, ఒకటి రెండు చుక్కల రక్తమును ప్రత్యేకమైన కాగితముపై ఆరబెట్టి పరీక్షకు పంపినచో చాలును. లోపమున్నదని తేలిన శిశువు హైడ్రోకార్టిసోన్, ఫ్లూడ్రోకార్టిసోన్, కొంత ఉప్పు క్రమము తప్పక పుచ్చుకొనుచు అందరివలె పెరిగి పెద్దదగును. కావున ఈ పరీక్షను ప్రతి ప్రసూతి ఆసుపత్రిలోను ప్రభుత్వము ఉచితముగా జరిపింపవలెను. పాఠకులారా, మీ యింట కాన్పైన మూడవ దినము దాటకముందే వైద్యునితో ఈ పరీక్ష మాట యెత్తుడు. మీ వంశమున పురుటిబిడ్డ యెవరైన కారణము తెలియక పోయియుండినచో, ఆ సంగతిని దాచక చెప్పుడు.